రెండు మెషీన్లూ ఒకేసారి పాడయ్యాయి!

నేను చీపురుపల్లిలో ఓ చిన్న ల్యాబులో టెక్నీషియన్‌ని. మూడేళ్ల కిందట ఎనిమిదో నెల కడుపుతో ఉండగా, తలనొప్పి తగ్గకపోతే నా రక్తం నేనే పరీక్షించుకున్నాను. యూరిక్ యాసిడ్ ఎక్కువ, ప్లేట్‌లెట్లు తక్కువ వచ్చాయి. ఇంకో గర్భిణికి ఈ రిపోర్టు వస్తే అప్పటికప్పుడు బీపీ చూపించుకోమని తరిమేదాన్ని. నాదయ్యేసరికి మాత్రం, ఆ పరీక్షలు చేసే మెషీన్లు రెండూ ఒకేసారి పాడయ్యాయని తేల్చేశాను! విజయనగరంలో ఉన్న సర్వీసు ఇంజనీరుకు ఫోన్ చేసి చెడామడా తిట్టాను కూడా.

పాపం, బండేసుకుని వచ్చాడు. తన రక్తమే తీయించుకుని రెండింట్లోనూ పెట్టి చూశాడు. అన్నీ సరిగ్గానే వచ్చాయి.

"మెషీన్లు బాగానే ఉన్నాయి మేడం. మీ కాళ్లేటి అలా వాసిపోనాయి? ముందెల్లి బీపీ సూపించుకోండి" అన్నాడు.

ఎదురుగా ఉన్న ఆసుపత్రిలో చూస్తే నూట డెబ్బై. ఆ బీపీ మెషీను కూడా పాడైందేమో అనబోయి, డాక్టరమ్మ ముఖం చూసి నోరు మూసుకున్నాను. "ఇంకో పూట ఆగుంటే ఫిట్స్ వచ్చేవి" అందావిడ. సాయంత్రానికల్లా విజయనగరంలో ఆపరేషన్ చేసి పాపను తీశారు.

ఇప్పటికీ ఎవరో ఒకరు రిపోర్టు చూసి, "మీ మెషీను తప్పు సూపిస్తన్నాదేటి?" అంటారు. గోడకు అంటించిన ఆనాటి సర్వీసు కాగితం చూపిస్తాను. "మెషీన్లలో లోపం లేదు" అని ఇంజనీరు రాశాడు. కింద కస్టమర్ సంతకం నాది.