గర్డరు మీద ఉత్త కాళ్లు

"బూట్లు ఏడ దాచినవో చెప్పక్కా. బస్సు వోతది."

"పండుగయ్యేదాక ఉత్త కాళ్లనే ఉండు. పీరు నిన్ను బంగారమడిగిండా?"

యల్లేశ్ వాకిట్లోనే ఆగిపోయాడు. లోపల పోట్లాడుకుంటున్నది అతని భార్య తిమ్మమ్మ, ఆమె తమ్ముడు రంగా. బావా బామ్మర్దులిద్దరూ ఆ పూటే మట్మారి నుంచి బెంగళూరుకు, మెట్రో పనికి తిరిగి పోవాలి. ఊళ్లో పీర్ల పండుగకు నిప్పుల గుండం తవ్వారు. పీర్లు పోయేదాకా తమ్ముడు కాళ్లకేమీ తొడగడని తిమ్మమ్మ మొక్కేసింది. పని చోట గేటు దగ్గర కాళ్లకు బూట్లున్నాయా అని చూస్తారు, నిజమే. పైకెక్కాక విప్పి సంచిలో వేసుకుంటే అడిగేవాడెవడు? పోయినేడు ఇలాంటి మొక్కుతోనే యల్లేశ్ చేసింది అదే.

యల్లేశ్ ఊరు విడిచింది బెంగళూరులో మొదటి మెట్రో స్తంభాలు లేస్తున్న రోజుల్లో. ఆ ఏడు వాన లేక జొన్న చేలోనే మాడిపోయింది. చువ్వలు కట్టే కూలీగా చేరి ముఠా మేస్త్రీ అయ్యాడు. మెట్రో అంటే ఏందని ఎవరైనా అడిగితే చాలు, చాయ్ చల్లారిపోయేదాకా చెప్తాడు. రోడ్డు నడుమ కాస్త జాగాలో ఒంటి స్తంభం. పైన వంతెనను అక్కడ పోయరు. వేరే చోట యార్డులో పెద్ద పెద్ద కాంక్రీటు పెట్టెలుగా పోసి తెస్తారు. ప్రతి పెట్టెనూ పక్కదానికి ఆనించి పోస్తారు కాబట్టి జోడీ మారిస్తే అతకదు. రెండు స్తంభాల మీద కాళ్లు వేసుకున్న గర్డరు యంత్రం వాటిని వరసగా వేలాడదీస్తుంది. ముఖాలకు జిగురు పూసి, లోపల ఉక్కు తాళ్లు లాగి బిగిస్తారు. కింద బస్సులు, ఆటోలు తమ దారిన తాము పోతుంటాయి. రైలుకు కరెంటు నెత్తి మీది తీగల్లో రాదు, పక్కనున్న మూడో పట్టాలో వస్తుంది.

ఆ జిగురు మీదే పోయినేడు అతని అరికాలు జారింది. నడుముకున్న బెల్టు పట్టుకుంది. పైకి లాగేదాకా, కింద బండ్లు పోతుంటే గాల్లో వేలాడాడు. ఊరికి చేరిన మాట మాత్రం వేరు: ఉత్త కాళ్లతో ఉన్నాడు గనుక పడకుండా పీరు పట్టుకున్నాడు. తిమ్మమ్మ అదే నమ్మింది. యల్లేశ్ కాదనలేదు. అతనూ పీరును నమ్మేవాడే. కానీ ఉత్త కాలు కాబట్టే జారిందని అతని అరికాలికి తెలుసు.

చెప్పులతోనే లోపలికి నడిచాడు. రంగా అతన్ని చూసి, బావ ఒక్కసారి ఏలాడి ఇంత పేరు తెచ్చుకున్నడు, నేను ఏలాడితే ఇంజనీరునైతనేమో అన్నాడు. తిమ్మమ్మ నవ్వలేదు. భర్త వైపు తిరిగింది.

"నిన్ను పట్టింది పీరు గాదా? వీని ముంగటే చెప్పు."

"పీరేనే. ఒక్కసారి పట్టిండు. ఏటేటా పట్టుమని గుంజాట పెడితె మనకు సిగ్గుండాలె."

"మొక్కు దప్పి, ఆ ఎత్తుల వీనికేమన్నయితె? మా అమ్మకు నేనేం జెప్పాలె?"

ఈ వారమే వాళ్లు కడుతున్న లైనులో ఆఖరి పెట్టె బిగుస్తుంది. అప్పుడు పైన నిలబడాలని యల్లేశ్ ఏడాది నుంచి కాచుకుని ఉన్నాడు. తను పోకపోతే ముఠా ఇంకో మేస్త్రీ చేతికి పోతుంది, మళ్లీ తిరిగి రాకనూ పోవచ్చు. అయినా ఇంట్లో ఒకరి మొక్కు ఇంకొకరు మోయడం ఊరికి కొత్త కాదు.

చెప్పులు విప్పి గడప బయటికి నెట్టాడు.

"వాని మొక్కు నా మీదెయ్యి. నేను పోను. పండుగయ్యేదాక గుండం కాడ ఉత్త కాళ్ల నడుస్త."

తిమ్మమ్మ పగుళ్లు బారిన ఆ కాళ్లను చాలాసేపు చూసింది. తర్వాత లేచి, జొన్నల సంచి వెనకనుంచి బూట్లు తీసి తమ్ముడి ముందు పడేసింది. రంగా ఒక లేసు కట్టి, రెండోది చేతిలో పట్టుకుని ఆగిపోయాడు. బావ లేకుండా పైకెక్కడం అతనికి ఇదే మొదటిసారి.

యల్లేశ్ వాడి ముందు గొంతుక్కూర్చుని రెండో లేసు తనే కట్టాడు.

"రంగా, ఒక్కటే అడుగుత. బెల్టు కొక్కెం తగిలిచ్చినంక రెండుసార్లు గుంజి సూడు. ఒకపారి నీకోసం. ఇంకోపారి మీ అక్క కోసం."