నేల మీద ఎక్కి చూసిన పడవ

విజయనగరంలో మా ఇంటి డాబా మీద నిలబడితే సముద్రం కనబడదు. ఈ మాట పెళ్ళిచూపుల నాడే మా అత్తవారితో చెప్పేసి ఉంటే ఈ గొడవంతా ఉండేది కాదు. చెప్పకపోవడం నా తెలివితక్కువతనం. వాళ్ళు తాతల నాటి నుంచీ సికింద్రాబాదు పద్మారావు నగర్‌లో ఉన్నవాళ్ళు. వాళ్ళ లెక్కలో విజయవాడ దాటితే ఇక అంతా సముద్రమే. అటునుంచి వచ్చిన అల్లుడు ఒక చేత్తో వల, ఇంకో చేత్తో తెడ్డు పట్టుకునే పుట్టి ఉంటాడు. నాకు ఈత రాదు గానీ కోతలు బాగా వచ్చు. పెళ్ళయిన కొత్తలో వాళ్ళింట్లో చేపల పులుసు తింటూ అలలనీ, ఆటుపోట్లనీ, గాలివాటమనీ నాలుగు మాటలు విసిరాను. దాంతో ఆ ఇంట్లో నా పేరు 'సముద్రం అల్లుడు' అయిపోయింది.

ఆ పేరు నాకు నచ్చింది కూడా. మా సాఫ్ట్‌వేర్ ఆఫీసులో నన్ను బ్యాడ్జీ చూసి తప్ప ఎవరూ గుర్తుపట్టని రోజులవి. మనిషికి ఎక్కడో ఒకచోట గౌరవం ఉండాలి కదా.

హైటెక్ సిటీ కొత్తగా లేస్తున్న కాలం. ఊళ్ళో ప్రతివాడూ ఏదో ఒకటి కొంటున్నాడు. అందరూ కార్లు కొంటుంటే కార్ల విడిభాగాలు అమ్మే నా బావమరిదికి చేతినిండా పని, నోటినిండా ఉత్సాహం. ఒక ఆదివారం కార్ఖానా పేటలోని మా ఇంటికి వచ్చి, చెప్పులు విప్పుతూనే అన్నాడు.

"బావా, పడవ కొందాం."

"కొని ఎక్కడ తిప్పుతావు? కార్ఖానా రోడ్డు మీదా?"

"వానొస్తే ఈడ సుత నడుస్తది గానీ, భీమిలిల మీ బాబాయి ఉన్నడు గద. ఆయన పెరట్ల పెడదాం. సెలవులొస్తే పోదాం. నువ్వు చేపలు పట్టు, మేం తింటం. పిల్లలు జెర తిరుగుతరు. పడవ సంగతి నీకే ఎరుక, నువ్వే చూసి చెప్పు."

తీరం ఉన్నవాళ్ళకు తీరిక లేదు, తీరిక ఉన్న మాకు తీరం లేదు. బాబాయి ఇల్లు మాత్రం ఏరు సముద్రంలో కలిసే చోటికి దగ్గర. ఆయనకు పడవంటే పడదు గానీ మొహమాటం ఎక్కువ. ఒప్పుకున్నాడు.

ఏ.ఎస్. రావు నగర్ దాటాక ఒక ఫైబర్ షెడ్డు ఉండేది. నీళ్ళ ట్యాంకులు, బాత్‌రూం తలుపులు చేస్తూ, మధ్యలో ఊపిరాడినప్పుడు పడవలు కూడా చేసేవారు. నేనూ బావమరిదీ వెళ్ళేసరికి రెండు పడవలు సిద్ధంగా ఉన్నాయి. ఒకదాని అడుగు భాగం కత్తిలా కోసుగా, అంచులు ఎత్తుగా, చూడటానికి దర్జాగా ఉంది. రెండోది పళ్ళెంలా చదును. రెంటికీ వెనక మోటారు బిగించుకోవచ్చు.

"కోసుగున్నది అలల్ని చీల్కుంట పోతది సార్, కానీ నీళ్ళు లోతుండాలె," అన్నాడు షెడ్డు యజమాని. "చదునుది మోకాలు లోతుల సుత పోతది. కానీ అలొస్తే నడుములిరుగుతయ్. మీరు సముద్రపోళ్ళంట, మీకు నేనేం జెప్త."

అతను చెప్పాల్సిందంతా చెప్పేశాడు. నేను వినాల్సింది చివరి ముక్క ఒక్కటే విన్నాను.

మా అత్తగారింట్లో ఒక ఆచారం ఉంది. ఏ వస్తువు కొన్నా ముందు ఇంటిల్లిపాదీ దానిలో కూర్చొని చూడాలి. సోఫా అలాగే కొన్నారు, కారు అలాగే కొన్నారు. కాబట్టి మరుసటి ఆదివారం అత్తగారు, బావమరిది, అతని భార్య, మేము, రెండిళ్ళ పిల్లలు, ఒక బిర్యానీ గిన్నె కలిసి షెడ్డుకు వెళ్ళాం. చెక్క దిమ్మెల మీద నిలబెట్టిన దర్జా పడవలోకి స్టూలు వేసుకొని ఎక్కి, వరుసగా కూర్చొని, బిర్యానీ తిన్నాం. దారిన పోయే ఆటోవాళ్ళు ఆగి మరీ చూశారు. వీపు ఆనుకోవడానికి ఉందని అత్తగారు మెచ్చుకున్నారు. చదును పడవలో పీట మీద కూర్చున్నట్టుందని దిగిపోయారు.

"మీరే చెప్పుండ్రి బాబూ," అన్నారు నాతో.

"అల వస్తే చీల్చుకుపోవాలండీ," అన్నాను. "చదునుది చెరువులకు."

నేల మీద ఎంతమంది ఎక్కినా ఏ పడవా మునగదు, దాని అడుగు దేనికీ తగలదు. ఈ చిన్న సంగతి సముద్రం అల్లుడికి తట్టలేదు.

లారీ ఎక్కించే ముందు అత్తగారు పడవకు పసుపు కుంకుమలు పెట్టి, దానికి చక్రాలు లేవు కాబట్టి దాన్ని మోసే ట్రాలీ చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించారు. మిగిలిన నిమ్మకాయ నా చేతికిచ్చారు. జేబులో వేసుకున్నాను. ఎందుకంటే, ఇంకో చిన్న సంగతి కూడా ఎవరికీ తెలియదు. నాకు బస్సులోనే కడుపులో తిప్పుతుంది.

సెలవులకు భీమిలి వెళ్ళాం. మోటారు నడపడం షెడ్డు మెకానిక్ దగ్గర ఒక చెరువులో నేర్చుకున్నాను. చెరువుకు ఆటుపోట్లు ఉండవు. అందరికీ లైఫ్ జాకెట్లు తొడిగి, బిర్యానీ గిన్నె కూడా ఎక్కించి బయల్దేరుతుంటే గట్టు మీద నుంచి బాబాయి అడిగాడు.

"ఏట్రా, నీరు తీసేస్తంది, ఇప్పుడెక్కడికి?"

"చూసుకుంటాలే బాబాయ్," అన్నాను, ఓడ నడిపే సరంగులాగా.

ఏటి మధ్యకు వెళ్ళామో లేదో, కింద ఏదో గీరుకున్న చప్పుడు. పడవ ఆగింది. మోటారు ఇసుకను మజ్జిగలా చిలికింది.

"ఏమాయె బాబూ?" అన్నారు అత్తగారు.

"చేపలకు ఇది మంచి చోటండీ. ఆపాను."

గాలం వేశాను. నీరు తగ్గుతూ పోయింది. కోసుగా ఉన్న అడుగు మీద నిలబడలేక పడవ మెల్లగా ఒక పక్కకు ఒరిగింది. బిర్యానీ గిన్నె జారి అత్తగారి ఒళ్ళోకి వెళ్ళింది. కాసేపటికి ఒక కొంగ నడుచుకుంటూ వచ్చి మా గాలం వైపు చూసి వెళ్ళింది. బావమరిది ప్యాంటు మడిచి కిందికి దిగాడు. నీళ్ళు చీలమండ దాటలేదు.

"బావా, గాలం బంద్ చెయ్యి. జమీన్ మీద ఉన్నం."

ఆ మాటకు నేను గాభరాపడి జేబులోంచి నిమ్మకాయ తీసి వాసన చూశాను. అతను అది కూడా చూశాడు.

"పొద్దుగాల్నుంచి చూస్తున్న. ఆ నిమ్మకాయ దిష్టికా, వాంతికా?"

మొదట నవ్వింది మా ఆవిడే. నీరు మళ్ళీ ఎక్కేదాకా, షెడ్డులో ఎలా కూర్చున్నామో అలాగే, కాస్త వంకరగా కూర్చొని బిర్యానీ తిన్నాం.

ఆ తర్వాత సికింద్రాబాదులో ఏ గృహప్రవేశానికి వెళ్ళినా, ఏ సీమంతానికి వెళ్ళినా, భోజనాల దగ్గర బావమరిది అదే కథ. "మా బావ సముద్రం మనిషి. పడవను తీస్కపొయ్యి ఇసుకల పార్కింగ్ చేసిండు. కొంగ వచ్చి టికెట్ అడిగింది." చెప్పినకొద్దీ కొంగలు పెరిగాయి. నా పేరు 'ఇసుక అల్లుడు'గా మారింది. పైగా అతను పడవల పండితుడై, అడుగు చదునుగా ఎందుకుండాలో పెళ్ళిపెద్దలకు వివరించసాగాడు.

ఒక పెళ్ళిలో, అందరూ వింటుండగా, నేను చాలా వినయంగా అన్నాను. "అయితే ఆ పడవ మార్చేద్దాం. ఈసారి నువ్వే చూసి చెప్పు. నాకేం తెలుసు."

అందరి ముందు కాదనలేకపోయాడు. మళ్ళీ షెడ్డు, మళ్ళీ బిర్యానీ. పాతదాన్ని యజమాని వెనక్కి తీసుకున్నాడు. బావమరిది చదును పడవ మీద చెయ్యి వేశాడు.

"అల వస్తేనో?" అని మాత్రం అడిగాను.

"అలదేముంది బావా. పైకెల్లి పోతది."

నడుములు విరుగుతాయన్న యజమాని మాట నాకు గుర్తుంది. సముద్రం గురించి నేను నోరు మూసుకున్నది జీవితంలో అదే మొదటిసారి.

నిజానికి ఏటిలో ఆ పడవ బంగారం. పిల్లలు, అత్తగారు హాయిగా తిరిగి ఒడ్డు చేరారు. కానీ పండితుడికి అది చాలలేదు. "సముద్రంలకు పోదాం, నువ్వు నేను," అన్నాడు. మోటారు పిడి అతని చేతిలో ఉంది. ఏటి మొగ దాటి సముద్రంలోకి రాగానే అలలు మొదలయ్యాయి, పెద్దవేమీ కావు. ప్రతి అలకూ పళ్ళెం లేచి, చప్పట్లు కొట్టినట్టు నీళ్ళ మీద పడుతోంది. బావమరిది మాటలు తగ్గాయి. తర్వాత రంగు తగ్గింది. పడవ వెనక్కి తిప్పి, పిడి నాకిచ్చి, అంచు పట్టుకున్నాడు.

"బావా... నిమ్మకాయ ఉన్నదా?"

నా జేబులో రెండున్నాయి. ఒకటి నా ముక్కు దగ్గర అప్పటికే ఉంది. రెండోది తీసి, చొక్కాకు తుడిచి, అడిగాను.

"దిష్టికా?"

అతను అంచు వదలకుండానే రెండో చెయ్యి చాచాడు. ఇచ్చేశాను. తోటి ప్రయాణికుడు.

ఈ కథ నేను ఎవరికీ చెప్పలేదు, మా ఆవిడకు తప్ప. ఇప్పటికీ ఏ విందులోనైనా బావమరిది గొంతు సవరించుకొని "మా బావ ఒకసారి..." అని మొదలుపెట్టగానే నేను లేచి, వడ్డించేవాళ్ళ దగ్గర ఒక నిమ్మకాయ అడిగి తెచ్చి, అతని విస్తరి పక్కన పెట్టి, వచ్చి నా చోట కూర్చుంటాను. వెంటనే అతను పప్పు బాగుందంటాడు.

అత్తగారు మాత్రం పక్కవాళ్ళతో మురిసిపోతూ చెబుతారు. "మా అల్లునికి మావోని మీద ఎంత పానమో చూడుండ్రి. దిష్టి తగుల్తదని ఏడికి పోయినా నిమ్మకాయ పెడ్తడు."