మా దాదీ, పంతులుగారు, తిరిగే భూమి

మా దాదీ, అంటే నాయనమ్మ, గడపకు కట్టించిన పర్దా ఎంత మందమంటే, దోమ కూడా ఇజాజత్ అడిగే లోపలికి వచ్చేది. దానికి అవతల గౌలిపుర బస్తీ నుంచి వచ్చే పంతులుగారు, ఇవతల నేను, నాకు కాపలాగా దాదీ.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్త రోజులు. తెలుగు రాకపోతే ముందుముందు నౌకరీలుండవని సర్కారు కచేరీలో గుమాస్తాగా ఉన్న మా అబ్బా బెంగ. నన్ను తెలుగు బడిలో వేద్దామని ఆయన, ఈడొస్తున్న పిల్ల గల్లీ దాటొద్దని దాదీ. చివరికి పంతులే ఇంటికి రావాలని రాజీ కుదిరింది. నాకేమో బడి మీదే పాణం. ఇంట్లో చదువు వస్తుందేమో గాని, పోట్లాడటానికి పక్కన పిల్లలుండరు కదా!

ఒకనాడు పంతులుగారు భూమి బొంగరంలా తిరుగుతుందన్నారు. నా చదువు అక్కడే ఆగిపోయింది.

"ఏంది పంతులూ! భూమి తిరిగితే మా బావిల నీళ్లు గల్లీలకు ఒలకవా?" అని గర్జించింది దాదీ.

"ఒలకవు బేగం సాహెబా. భూమే పట్టుకుంటది."

"చేతులున్నయా దానికి?"

ఈ లొల్లి రోజూ సాగింది. భూమి ఆకారం చూడమని పంతులుగారు పర్దా కింద నుంచి నిమ్మకాయ దొర్లించారు. దాదీ షర్బత్ చేయించి తిరిగి పంపింది. నాకు పెళ్లయ్యేదాకా ఈ పాఠం దాటేది లేదని తేలిపోయింది.

ఒక సాయంత్రం దాదీకి ఒళ్లు మండింది. నీళ్లు నిండిన లోటా పట్టుకుని, పర్దా తోసేసి, పంతులుగారి ముందే గిర్రున తిప్పింది. "సూడు! ఒలుకుతదా లేదా?"

ఒలికింది, ఆయన నెత్తి మీద. మర్యాదస్తుడు పాపం. పరాయి ఆడమనిషిని చూడకూడదని గోడవైపు తిరిగి, నీళ్లు కారుతుండగా గోడకే చెప్పసాగారు: "లోటా వేరు, భూమి వేరు బేగం సాహెబా..."

సరిగ్గా అప్పుడే అబ్బా వచ్చారు. తన తల్లి పర్దా బయట, పంతులు గోడవైపు తిరిగి, పర్దా వెనుక బుద్ధిగా నేనొక్కదాన్నే.

"అమ్మీజాన్, ఈ పర్దా ఎవరికోసం?"

దాదీ గబుక్కున దుపట్టా సర్దుకుంది. "ఈ పంతులు మాట నేను నమ్మ. పిల్లను బడికి పంపు. ఆడున్న పెద్ద పంతులమ్మను అడిగొచ్చి చెప్తది. గట్లని నేను ఓడిపోలే, యాదుంచుకో!"

"అస్సలు ఓడిపోలే," అంటూ అబ్బా రిక్షా కోసం ఉరికారు. ఆ వేళకు బడి మూసేస్తారని మా ఇద్దరికీ తెలుసు. ఆమె మనసు మారేలోపు గడప దాటడమే ముఖ్యం. మొదటిరోజు నేను చూసిన బడి, గేటుకున్న తాళమే. దాన్నే తనివితీరా చూసుకుని వచ్చాను.