స్తమాతియా, సెలీనీ

స్తమాతియా అంటే ‘ఇక ఆగు’ అని. వరసగా నాలుగో ఆడపిల్ల పుట్టేసరికి విసుగెత్తిన తండ్రి ఆ పేరు పెట్టాడు. తర్వాతి కాన్పులో మగపిల్లవాడు కలగడంతో, అదంతా ఆ పేరు చలవేనని గ్రీకు దీవి కలిమ్నోస్‌లో చెప్పుకున్నారు. ఆమె బతుకులో మిగిలిన గొప్ప అదొక్కటే. సముద్రం అడుగున పెరిగే స్పాంజ్‌లను కోసుకురావడానికి దిగిన మొగుడు మళ్లీ పైకి రాలేదు. వలలు బాగుచేస్తూ కొడుకు నోమికోస్‌ను పెంచుకుంది.

నోమికోస్‌కి పెళ్లయి కూతురు పుడితే, ఆనవాయితీ ప్రకారం నాయనమ్మ పేరే పెట్టారు. ఆ పసిది చలికాలం దాటకుండానే జ్వరంతో పోయింది.

మళ్లీ ఆడపిల్లే పుట్టింది. కోడలు ఆర్గిరో తల ఎత్తకుండా చెప్పింది. “దీనికి సెలీనీ అని పెడుతున్నాం అత్తయ్యా.”

“చందమామ అనా! అదేం పేరే? పునీతుల్లో ఎవరికుందట? ఏ పునీతురాలి దినాన దీనికి పేరు పండుగ చేస్తావు?”

“ఇప్పుడందరూ ఇలాంటివే పెట్టుకుంటున్నారు. చీకట్లో పడవలకి వెలుగిచ్చేది కదా. పిలుస్తుంటే ప్రాణం చల్లబడుతుంది.”

“నా పేరు పిలిస్తే కాలుతోందా?”

ఆర్గిరో పసిదాన్ని దగ్గరికి లాక్కుంది. “ఆ పేరుతో ఒకదాన్ని మట్టిలో పెట్టాను. దీన్ని కూడా ‘ఆగు, ఆగు’ అని పిలవమంటారా?”

గుమ్మంలో నిలబడ్డ నోమికోస్ బయటికి వెళ్లిపోయాడు.

స్తమాతియా బాప్టిజానికి వెళ్లలేదు. పునీతురాలి పేరు ఉండాలని ఫాదర్ సెలీనీకి ముందు మరియ పేరు తగిలించి, మరియా సెలీనీ అన్నాడని పక్కింటి పోతితి వచ్చి చెప్పింది. “నా పేరు ఐదుగురు మనవరాళ్లకి పెట్టారే! ఒక్కతైనా నా గడప తొక్కదు. నువ్వెందుకే ఏడుస్తావు?”

ఆ మాటకీ ఆమె మనసు కరగలేదు. ఏళ్లు గడిచినా ఆ పిల్లను ‘పాపా’ అనే పిలిచింది.

పితృదినాల శనివారం నాడు స్తమాతియా, చనిపోయినవాళ్ల పేర ఉడకబెట్టిన గోధుమల పళ్లెం పట్టుకుని శ్మశానానికి వెళ్లింది. అంతకుముందు ఒక్కసారీ మొదటి మనవరాలి చిన్న సమాధి దగ్గరికి పోలేకపోయింది. అప్పటికే అక్కడ ఆర్గిరో దీపం వెలిగిస్తోంది. కొత్తగా అక్షరాలు నేర్చిన పిల్ల శిలువ మీది పేరును కూడబలుక్కుని చదివింది.

“నీ పేరు ఇక్కడ రాశారేంటి నాయనమ్మా? నువ్వు ఇంకా బతికే ఉన్నావుగా?”

స్తమాతియా ఆ రాతి మీదే కూలబడింది. ఆ అక్షరాలను కోడలు ఇన్నేళ్లుగా ఒంటరిగా చదువుకుంటోందని అప్పుడు తట్టింది.

“సెలీనీ, ఇలా రామ్మా” అంది.

పిల్ల తల్లి వైపు చూసింది. ఆర్గిరో పిల్ల చెయ్యి పట్టుకుంది. “పొద్దు పోతోంది, పద” అని కొండ దిగసాగింది. వెనక్కి తిరిగి చూడలేదు.