ఫ్యూజుకేం కాలేదు

మా ఆయన యూనివర్సిటీలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ పాఠాలు చెబుతారు. నిరుడు ఎండాకాలం, ఇంజన్ వేడికి బ్యాటరీ పాడవుతోందని దాన్ని మా పాత కారు డిక్కీలోకి మార్చారు. అక్కడి నుంచి లావుపాటి వైరును సీట్ల కిందుగా ముందుకు లాగి, ఇంజన్ దగ్గర ఫ్యూజు పెట్టారు. "ఇక ఏ భయం లేదు" అన్నారు.

ఓ ఆదివారం లాలాగూడలో పెళ్లికి బయల్దేరాం. మా అత్తమ్మకు మోకాళ్ల నొప్పులు. ముందు కూర్చుని, కాళ్లు చాపుకోవడానికి సీటును బలంగా వెనక్కి జరిపింది. తార్నాక సిగ్నల్ దగ్గర, "నా కింద పొగ వస్తున్నదిర. గిది గూడ నువ్వే పెట్టినవా?" అని మా ఆయన్ను అడిగింది.

నేను ఆమెను దింపేలోపు కార్పెట్ అంటుకుంది. ఆయన పరుగున వెళ్లి బ్యాటరీ వైరు ఊడదీశారు. నేను సీసాలో నీళ్లన్నీ కుమ్మరించాను. సీటు జరిగే పట్టా కింద నలిగి వైరు తొడుగు చీరిపోయి, లోపలి రాగి కారు బాడీకి తగిలింది.

ఆయన బానెట్ ఎత్తి, ఫ్యూజు తీసి చూపించారు. "చూడమ్మా, ఫ్యూజుకేం కాలే."

"దానికేం కాలే బిడ్డా. మనకే అయితుండె."

బ్యాటరీ పక్కన ఉండాల్సిన ఫ్యూజు అవతలి కొసన ఉంటే, మధ్యలో మంటలు లేచినా దానికి తెలియదట. ఇప్పుడు దాన్ని డిక్కీలోకే మార్చారు. దసరాకు కారు పూజలో అత్తమ్మ ముందుగా డిక్కీ తెరిపించింది. మొదటి బొట్టు ఆ ఫ్యూజుకే పెట్టింది.