బూడిదలో సగం అచ్చు

నాకు రాయడం రాదు. ఐదో తరగతి కూడా సరిగా కాలేదు. ఒత్తులు, దీర్ఘాలు తారుమారవుతాయి. మొదటిసారి రాస్తున్నాను, ఏమీ అనుకోకండి.

పోయిన శనివారం మా పాప మీనాకి హర్లింగ్ కర్ర కొనడానికి, ఇక్కడ ఐర్లండులో లిమరిక్ ఊరి అవతల కర్రలు చెక్కే ముసలాయన షెడ్డుకి వెళ్ళాం. హర్లింగ్ మన హాకీకి దగ్గరి ఆట. తలుపు తీయగానే పచ్చి చెక్క వాసన కొట్టింది, నా కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. చెట్టు మొదట్లో వేరు వంపు తిరిగే చోటే కర్ర కోస్తారట.

చిన్నప్పుడు మేమూ వంపు కోసమే తిరిగేవాళ్ళం. మాది గుంతకల్లు. నాన్న రైలుపట్టాల గ్యాంగులో పని. వానలు వెనకపట్టి దసరా సెలవులిస్తే, ఒళ్ళో బొరుగులు, బెల్లం ముక్క వేసుకొని, మడమల్లో ముళ్ళు దిగినా లెక్కచేయకుండా, జిగురు కారే తుమ్మచెట్ల కింద తలలెత్తి నేనూ మా రంగక్కా హాకీ కర్రలా వంగిన కొమ్మ కోసం వెతికేవాళ్ళం.

కొమ్మ దొరికితే చాలదు, మనిషికి కుదరాలి. అక్క పొయ్యిబూడిద నేలమీద పరిచి, ఆడేటప్పుడు వంగినట్టే వంగి కర్ర ఆనించేది. వంపు మొత్తం అచ్చు పడితే ఆ కర్ర మనది. కర్ర మడమే, అంటే వంపు మొదలే, పడి కొన గాల్లో లేస్తే కాదు.

ఆ యేడు అక్కకి దొరికిన కర్రకి నిండు అచ్చు పడింది. నాకు కడుపు మండింది.

"నాకదే కావాల."

"నీకంటే పొడుగుండాది కదే పాపా. కావాలంటే బూడిదనడుగు, అది అబద్ధం చెప్పదు మే."

సెలవులు అయిపోయాయి. మరునాడు బడి హాకీ జట్టుకి ఆడపిల్లల్ని ఎంచుతారు. ఎంచినవాళ్ళకి హాస్టలు, పైచదువు. అది తెలిసే, అక్క నీళ్ళకి పోయినప్పుడు నాన్న రంపంతో పిడి జానెడు కోసేశాను. పొట్టిగా చేస్తే నాకు సరిపోతుందనుకున్నాను. బూడిదలో పెట్టి చూస్తే నాకూ కుదరలేదు.

అక్క వచ్చి పెట్టి చూసింది. మడమొక్కటే పడింది. నా లంగా మీద రంపంపొట్టు చూసింది. అంతలో నాన్న అరిచాడు, "ఎవురే కోసింది?"

"ఎలకలు కొరికినాయేమోలే నాయనా. మన ఎలకలకి పండ్లు గట్టివి," అంది అక్క.

నాన్న నవ్వేశాడు. పొద్దున అక్క ఆ కర్రతోనే నడుం విరిగేలా వంగి ఆడింది, కొన లేచి బంతి కిందనుంచి జారిపోతూనే ఉంది. "ఈ పాప వద్దులే," అన్నాడు సారు. దారిలో అక్క నా చెయ్యి పట్టుకునే నడిచింది. ఆ యేడే బడి మాని శెనక్కాయల మిల్లుకి పోయింది. ఒక్కనాడూ ఆ మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఫోన్లో కూరల గురించి మాట్లాడుకున్నాం, పిల్లల గురించి మాట్లాడుకున్నాం. పోయినేడు అక్క పోయింది.

మొన్న శనివారం మీనా కర్ర కొని ఇంటికొచ్చాక, ఇక్కడ పొయ్యీ లేదు, బూడిదా లేదు, వంటింట్లో గోధుమపిండి చల్లి మీనాని వంగి కర్ర ఆనించమన్నాను.

"మామ్, వాట్ ఆర్ యూ డూయింగ్? ఇట్స్ గ్రాండ్!"

నిండు అచ్చు పడింది. చాలాసేపు దాన్ని తుడవలేకపోయాను. ఈ కర్రలు చెక్కే చెట్లకి తెగులొచ్చిందట, ఇక మీదట చెక్క దొరకదని ముసలాయన చెప్పాడు. మా తుమ్మచెట్లున్నచోట ఇప్పుడు ప్లాట్ల రాళ్ళు.

రాతలో తప్పులుంటే మన్నించండి. కానీ ఏది తప్పో నాకు చెప్పి మన్నించండి. చెప్పకుండా మన్నిస్తే ఎట్లుంటుందో నాకు తెలుసు.