నిమ్మపండు రంగు పట్టుపంచె

పెళ్ళి మా తమ్ముడు ప్రసాద్‌ది. బట్టలకు నెల్లూరు వెళ్ళాల్సినవాడూ వాడే. కానీ నలుగు పెట్టి పెళ్ళికొడుకును చేశాక పొలిమేర దాటకూడదంటారు మా వైపు. పెళ్ళిపంచె పెట్టాల్సిన మేనమామ పెంచలయ్యకేమో చెరువులో రొయ్యల పట్టుబడి నిన్ననే ముగిసి, ఇప్పటికి తీరిక దొరికింది. ప్రసాద్‌కీ నాకూ కొలత ఒకటే కాబట్టి, పొద్దున ఆరున్నరకు వాకాడులో మామతో పాటు నేను బస్సెక్కాను. వాడికంటే నేను పెద్ద. సేద్యగాడికి పిల్లనివ్వం అని నా సంబంధాలన్నీ వెనక్కి పోయాయి. వాడికి సబ్‌స్టేషన్‌లో ఉద్యోగం, పెళ్ళిచూపుల రోజే సంబంధం ఖాయమైంది. వాణ్ణి చూస్తే నాకు కుళ్ళు. దాచుకోవడం ఎందుకు?

కోటలో ఎండుచేపల మూటతో ఒకామె ఎక్కి నా పక్కన కూర్చుంది.

"ఏడికి నాయనా ఇంత పొద్దున్నే?"

"పెళ్ళిబట్టలకి."

"నీకేనా?"

"మా తమ్ముడికి."

"అన్నను పెట్టుకొని తమ్ముడికి చేస్తుండారా?"

మామ కిటికీ వైపు తిరిగాడు.

గూడూరులో స్టేషన్ బయట ఇడ్లీ, కారప్పొడి తిన్నాం. వేడిగా, బాగున్నాయి. నెల్లూరుకు టికెట్లు తీసి ప్యాసింజరు ఎక్కాం. దారంతా పెట్టెలో ఎవరివో నిమ్మకాయల సంచుల వాసన. మామ కునుకు తీస్తుండగా ప్రసాద్ ఫోన్ చేశాడు.

"అన్నా, ఆమె చీర మెరూన్ అంట. నా పంచెకి అంచు మెరూన్ ఉండేట్టు చూడన్నా. అదొక్కటే అడుగుతుండా."

"సరేలే" అన్నాను. మామకు మాత్రం చెప్పలేదు.

స్టేషన్ నుంచి ఆటోలో చిన్నబజారు. కొట్టు తెరిచి ఎంతోసేపు కాలేదు, బేరాలు ఇంకా మొదలవలేదు. కొట్టాయన నన్ను చూసి "పెళ్ళికొడుకు గారూ, ఇట్టా కూర్చోండి" అన్నాడు. నేను కాదనలేదు, మామా కాదనలేదు. మెరూన్ అంచు పంచె రెండోదో మూడోదో వచ్చింది. మామూలుగా ఉందని పక్కకు జరిపేశాను. ఆ తర్వాత నిమ్మపండు రంగుది విప్పారు. ఆ రంగు మా ఇంట్లో ఎవరికీ నప్పదు. మా నాన్న ఒకసారి ఆ రంగు చొక్కా తొడిగితే, కామెర్లకు మందు తింటున్నావా అని వీధిలో వాళ్ళు అడిగారు.

"ఇదే తీద్దాం మామా" అన్నాను.

"అయితే కట్టి చూపీ."

పంచె కట్టి, చొక్కా తొడిగి, కండువా వేసుకుని అద్దం ముందుకు వచ్చాను. రంగు సంగతి నాకు గుర్తే లేదు. పనివాళ్ళు నలుగురూ నన్నే చూస్తున్నారు. కొట్టాయన కండువా మడతలు సర్దుతూ "ముహూర్తం ఎన్నింటికి సార్?" అన్నాడు. ముహూర్తం చెప్పాను, నాదే అయినట్టు. విప్పబుద్ధి కాలేదు.

"నీకంత నచ్చిందా?" అన్నాడు మామ.

"చాలా బాగుంది."

నేను లోపల బట్టలు మార్చుకుని వచ్చేసరికి బిల్లయిపోయింది. మెస్సులో చేపల పులుసుతో భోంచేసి మధ్యాహ్నం రైలు అందుకున్నాం. గూడూరులో వాకాడు బస్సెక్కాక, మామ సంచిలోంచి రెండు పొట్లాలు తీశాడు.

"రెండెందుకు మామా?"

"నువ్వు కట్టింది కట్టి విడిచిన బట్ట. పెళ్ళికొడుక్కి మడత విప్పంది పెట్టాల. ఇది నీకు. అంత బాగుందంటివి గదా."

రెండో పొట్లం మూల నుంచి మెరూన్ అంచు కనబడుతోంది.

"వాడు పొద్దున్నే నాకూ చెప్పినాడులే" అన్నాడు మామ.

కోట దగ్గర ప్రసాద్ మళ్ళీ ఫోన్ చేశాడు, ఈసారి మామకు. "ఆఁ, మెరూనే. మీ అన్నే ఏరినాడు" అని మామ ఫోన్ నా చేతికిచ్చాడు.

"నువ్వు మరిచిపోవని నాకు తెలుసన్నా" అన్నాడు వాడు.

"సరేలే" అన్నాను. పొద్దున కూడా ఇదే మాట అన్నాను.

మా వైపు నుంచి పెళ్ళిబట్టలకు వెళ్ళేవారు పొద్దున బస్సు పట్టుకుంటే చీకటి పడేలోపు ఇల్లు చేరొచ్చు. చిన్నబజారులో రంగులకు కొదవ లేదు. వాడి మీద కుళ్ళు పోయిందా అంటే, పోలేదు. ఎల్లుండి పందిట్లో ఆ మెరూన్ అంచు పక్కన నేను నిమ్మపండు రంగులో నిలబడాలి. కామెర్లా అని ఎవరైనా అడిగితే, నేనే ఏరుకున్నానని చెప్పాలి.